డబ్బింగ్ అక్కర్లేని భాష... సూపర్‌హీరో సంగీతం!

హాల్లో లైట్లు ఆరిపోయాయి. తెర మీద మాటలన్నీ ఇంగ్లిష్. కింద గబగబా మారిపోయేవి అరబిక్ అక్షరాలు. జగిత్యాల నుంచో, ఆర్మూరు నుంచో, రాజోలు నుంచో వచ్చిన మనవాడికి ఆ రెండూ అంతంతమాత్రమే. అయినా సినిమా అయ్యేదాకా కుర్చీలోంచి కదలడు. రూంకి వచ్చాక పక్క మంచం మీద వాడికి కథంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. విలన్ వస్తున్నాడని వాడి మొహం కనపడకముందే తెలిసిపోయిందంటాడు. ఎవరు చెప్పారయ్యా అంటే... బాకాలు చెప్పాయి, వయొలిన్లు చెప్పాయి, డ్రమ్ములు చెప్పాయి!

గల్ఫ్ హాళ్లలో హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా ఆడితే టికెట్ల దగ్గర మనవాళ్లు కూడా తక్కువేం ఉండరు. మాట రాకపోయినా కథ ఎలా ఎక్కుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఫైట్లయితే, మిగతా సగం సంగీతం. ఆ సంగీతం వెనక ఉన్నవాళ్ల ముచ్చట్లు వింటే సినిమా ఇంకోసారి చూడాలనిపిస్తుంది.

మాట మారుతుంది... మద్దెల మారదు

హాలీవుడ్ సినిమా డబ్బింగ్‌కి వచ్చేటప్పుడు మాటలు లేని ట్రాక్ ఒకటి విడిగా పంపిస్తారు. సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉండే ఈ ట్రాక్‌ను స్టూడియోల్లో ‘ఎం అండ్ ఇ’ అంటారు. దాని మీద తెలుగు గొంతులు ఎక్కిస్తారు. 2007లో ‘స్పైడర్‌మ్యాన్ 3’ మనదేశంలో ఇంగ్లిష్‌తో పాటు తెలుగు, తమిళం, హిందీ, చివరికి భోజ్‌పురిలో కూడా వచ్చింది. పీటర్ పార్కర్ ఇన్ని భాషలు మాట్లాడేశాడు! కానీ వాడు భవనాల మీద ఊగుతుంటే వెనక వినిపించే వాద్యగోష్ఠి మాత్రం న్యూయార్క్‌లో ఎలా ఉందో నల్లగొండలోనూ అలాగే ఉంది. హీరో గొంతు మారింది, సామెతలు మారాయి, తిట్లు కూడా మారాయి. మారనిది ఆ ఒక్కటే.

దీన్నే మన సినిమావాళ్లు రీరికార్డింగ్ అంటారు, ముద్దుగా ఆర్.ఆర్. అని. ఇప్పటి కుర్రాళ్లయితే బీజీఎం అంటున్నారు. పేరేదైనా పని ఒకటే. తెర మీద చెప్పనిది చెవిలో చెప్పడం. మామూలు సినిమాలో అది కాస్త సాయం చేస్తుంది. సూపర్‌హీరో సినిమాలో అయితే మోయాల్సిన బరువంతా దాని మీదే పడుతుంది. ఎందుకంటే... ఎర్రగుడ్డ భుజాన కట్టుకుని, బిగుతు బట్టలేసుకున్న మనిషి ఆకాశంలోకి ఎగిరితే మామూలుగా నవ్వొస్తుంది కదా! నవ్వు రాకుండా ఒళ్లు జలదరించాలంటే వెనక ఎవరో గట్టిగా ఒప్పించాలి.

ఆ ఒప్పించే పని మొదట గట్టిగా చేసి చూపించినాయన జాన్ విలియమ్స్. సినిమా 1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’. వాయించింది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. ట్రంపెట్లు ముందు దూరం నుంచి పిలిచినట్టు మొదలై, మెల్లమెల్లగా దగ్గరికొచ్చి, సైనిక కవాతులాగా ఊపందుకుంటాయి. ఆ ఊపు పైకి చేరేచోట మూడు స్వరాలు వస్తాయి చూడండి... అవి ‘సూ-పర్-మ్యాన్’ అని పేరు పెట్టి పిలిచినట్టే ఉంటాయి. ఒక్క మాట లేదు, అయినా పేరు వినిపిస్తుంది. సినిమా చూడని వాడు కూడా ఆ బాణీ వినగానే ఎవరో మంచివాడు వస్తున్నాడని గ్రహిస్తాడు.

ఆ బాణీ తర్వాత ఆస్తిలాగా చేతులు మారింది. 2006లో ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’కి జాన్ ఆట్‌మన్ దాన్నే వాడుకున్నాడు. 2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ తీసినప్పుడు హాన్స్ జిమ్మర్ ఆ ఆస్తి నాకొద్దని కొత్తగా కట్టాడు. మళ్లీ 2025 ‘సూపర్‌మ్యాన్’లో జాన్ మర్ఫీ, డేవిడ్ ఫ్లెమింగ్ ఇద్దరూ పాత బాణీని తెచ్చి ఎలక్ట్రిక్ గిటార్ మీద పలికించారు. నలభై ఏడేళ్లయినా ఆ మూడు స్వరాలకు గిరాకీ తగ్గలేదు.

విమానం బాత్‌రూంలో పుట్టిన బ్యాట్‌మ్యాన్

విమాన ప్రయాణం మనకు కొత్త కాదు. పాస్‌పోర్టు జేబులో తడుముకుంటూ, ఇంటి తలపులతో, పక్కవాడి మోచేతుల మధ్య ఇరుక్కుని కూర్చోవడం అందరికీ తెలిసిందే. అలాంటి ప్రయాణంలోనే ఓ గొప్ప బాణీ పుట్టింది. 1989 ‘బ్యాట్‌మ్యాన్’ సినిమా షూటింగ్ ఇంగ్లండ్‌లో జరుగుతుంటే సంగీత దర్శకుడు డానీ ఎల్ఫ్‌మన్ సెట్ చూసి తిరుగు విమానం ఎక్కాడు. ఉన్నట్టుండి బుర్రలో బాణీ మెదిలింది. కీబోర్డు లేదు. పక్కన జనం. ఏం చేస్తాడు? చిన్న టేప్‌రికార్డర్ తీసుకుని బాత్‌రూంలోకి పోయాడు. తలుపేసుకుని కూనిరాగం రికార్డు చేశాడు. సీట్లోకొచ్చి కూర్చున్నాడో లేదో ఇంకో ముక్క తట్టింది. మళ్లీ లేచాడు. అలా పదేపదే! విమానం సిబ్బంది ఈయనకేదో ఒంట్లో బాగాలేదనుకున్నారని తర్వాత ఆయనే చెప్పుకొని నవ్వాడు.

ఎల్ఫ్‌మన్ సంగీత కళాశాలలో చదివినవాడు కాదు. ఓయింగో బోయింగో అనే రాక్ బ్యాండ్‌లో పాడుకునేవాడు. ఇంత పెద్ద సినిమా ఇతని వల్ల అవుతుందా అని నిర్మాత జాన్ పీటర్స్‌కి అనుమానం. ఆ అనుమానాన్ని బాణీయే తీర్చింది. సూపర్‌మ్యాన్ సంగీతం పగటి వెలుగైతే ఇది అమావాస్య రాత్రి. అదే బాకాలు, అదే కవాతు... కానీ మనసులో ఏదో దిగులున్న మనిషి చేస్తున్న కవాతు.

ఇక భయం సంగతికొస్తే 2008 ‘ది డార్క్ నైట్’ చెప్పుకోవాలి. జోకర్ కోసం హాన్స్ జిమ్మర్ పెద్ద ఆర్కెస్ట్రా ఏమీ పెట్టలేదు. ఒక్క స్వరం. అంతే! సెల్లో తీగ మీద కమాను మెల్లగా లాగుతూ పోతే అది తెగుతుందా, తెగదా అన్నట్టు బిగుసుకుంటూ పోతుంది. తీగల మీద బ్లేడుతో గీకి కూడా ప్రయోగాలు చేశాడు. అలాంటి చప్పుళ్లన్నీ గంటల కొద్దీ రికార్డు చేసి దర్శకుడు క్రిస్టఫర్ నోలన్‌కి ఇస్తే, ఆయన హాంకాంగ్ విమానంలో ఐపాడ్‌లో పెట్టుకుని విన్నాడు. పక్కన కూర్చున్న ప్రయాణికుడి అదృష్టం, ఇయర్‌ఫోన్లు ఉన్నాయి!

అదే జోకర్ 2019లో మళ్లీ వచ్చాడు. ఈసారి ఐస్‌లాండ్ నుంచి హిల్డుర్ గుడ్నాడొట్టిర్ అనే ఆవిడ సెల్లో పట్టుకుని కూర్చుంది. మామూలుగా సినిమా తీశాక సంగీతం చేస్తారు. ఇక్కడ స్క్రిప్టు చదివి ముందే కొన్ని బాణీలు చేసి పంపింది. షూటింగ్‌లో జోకర్ బాత్‌రూంలోకి పరిగెత్తుకొచ్చే సీను ఎలా తీయాలో తేలడం లేదు. దర్శకుడు టాడ్ ఫిలిప్స్ ఆవిడ పంపిన సెల్లో వినిపించాడు. నటుడు వాకిన్ ఫీనిక్స్ అది వింటూ మెల్లగా ఆడటం మొదలుపెట్టాడు. సినిమాలో అందరికీ గుర్తున్న ఆ డాన్స్ రాసి తీసింది కాదు, వినగా వచ్చింది. 2020లో ఆవిడకు ఆస్కార్ వచ్చింది. (ఎల్ఫ్‌మన్‌దీ బాత్‌రూమే, ఈ జోకర్‌దీ బాత్‌రూమే... సంగీతానికీ దానికీ ఏదో సంబంధం ఉన్నట్టుంది.)

ఈల వేయమంటే రాదు!

ఇన్ని చెప్పుకున్నాం కదా అని సూపర్‌హీరో సినిమాలన్నింటిలో సంగీతం అమోఘం అనుకోవద్దు. చాలావాటిలో అది గోడకు వేసిన సున్నం లాంటిది. ఉంటుంది, కనబడదు. 2016లో ‘ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్’ పేరుతో వీడియో వ్యాసాలు చేసేవాళ్లు రోడ్డు మీద జనాన్ని ఆపి అడిగారు. స్టార్‌వార్స్ బాణీ పాడమంటే పాడారు. జేమ్స్‌బాండ్ అంటే పాడారు. మరి మార్వెల్ సినిమాల్లోది ఏదైనా ఒకటి పాడండి అంటే నోరు తెరిచి నిలబడ్డారు. వేల కోట్లు వసూలు చేసిన సినిమాలు, ఒక్క ఈల పాట కూడా గుర్తులేదు!

కారణం ఏమిటంటే... ఎడిటింగ్ చేసేటప్పుడు తాత్కాలికంగా వేరే సినిమా సంగీతం తెచ్చి పెడతారు. నెలల తరబడి దాన్నే వినీ వినీ దర్శకుడి చెవి దానికే అలవాటు పడిపోతుంది. అసలు సంగీత దర్శకుడు వచ్చాక ‘ఇలాంటిదే చెయ్యి’ అంటారు. ఆయన అలాంటిదే చేస్తాడు. ఇది మన దగ్గర లేదా అంటే... ‘రిఫరెన్స్’ అనే మాట ఫిల్మ్‌నగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. అలాగని మార్వెల్ అంతా చప్పగా ఉందనడం కూడా అన్యాయమే. 2012లో ‘అవెంజర్స్’కి అలెన్ సిల్వెస్ట్రీ కట్టిన బాణీ 2019 ‘ఎండ్‌గేమ్’లో హీరోలందరూ ఒక్కచోట చేరే సీన్లో వినపడితే హాళ్లు దద్దరిల్లిపోయాయి. కానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చెవిలో నిలిచేవి ఏవి, జారిపోయేవి ఏవి అని చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. హీరో ఎక్కడివాడో చెప్పే సంగీతం నిలుస్తుంది. ఎగిరే మనిషికి కూడా ఓ ఊరుండాలి కదా! ఈ మాటకు రెండు సినిమాలు సాక్ష్యం. రెండూ పరదేశంలో ఉండేవాళ్లం కాబట్టి మనకు ఇంకాస్త దగ్గర.

అమ్మ ఇచ్చిన క్యాసెట్

1980ల్లో గల్ఫ్‌కి వచ్చిన పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. ఫోన్ చేయాలంటే జీతంలో ముక్క పోయేది. ఉత్తరం రాయడం అందరికీ వచ్చేది కాదు. అందుకని కొందరు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఇంటికి చెప్పాల్సినవన్నీ క్యాసెట్‌లో చెప్పి, ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపేవాళ్లు. అక్కడి నుంచి కూడా క్యాసెట్ వచ్చేది. అమ్మ గొంతు, పిల్లల అల్లరి, మధ్యలో పక్కింటి కోడి కూత కూడా! ఎన్నిసార్లు విన్నా తనివి తీరేది కాదు. రీలు చిక్కుపడితే పెన్సిల్ పెట్టి తిప్పుకోవడం, తెగితే అతికించుకోవడం... ఆ బాధ ఇప్పటి వాట్సాప్ కుర్రాళ్లకు తెలియదు.

2014లో వచ్చిన ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ హీరో పీటర్ క్విల్ సరిగ్గా అలాంటి క్యాసెట్ పట్టుకుని తిరిగే మనిషి. 1988లో చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు తల్లి క్యాన్సర్‌తో కన్నుమూస్తుంది. అదే రాత్రి గ్రహాంతర వాసులు వాణ్ని ఎత్తుకుపోతారు. వాడి దగ్గర మిగిలింది ఒక సోనీ వాక్‌మన్, అందులో తల్లి తనకిష్టమైన పాటలు ఎక్కించి ఇచ్చిన క్యాసెట్. అంతే. అంతరిక్షంలో ఇరవయ్యారేళ్లు గడుస్తాయి. చుట్టూ ఎవరూ వాడి జాతి వాళ్లు కాదు. వాడి ఊరి పేరు తెలిసినవాడు ఒక్కడు లేడు. చెవిలో మాత్రం అమ్మ పాటలే.

జైలు నుంచి తప్పించుకునే సీన్లో అందరూ ఓడ ఎక్కేస్తే క్విల్ ఒక్కడు వెనక్కి పరిగెత్తుతాడు. ప్రాణాల మీదికొస్తుంటే ఏం మర్చిపోయాడ్రా అనుకుంటాం. వాక్‌మన్! తోటివాళ్లకు అది పిచ్చిపని. క్యాంపు మారేటప్పుడు చిరిగిన దుప్పటి వదిలేసి పాత ఫొటో కోసం మళ్లీ రూంలోకి పోయినవాడికి మాత్రం అందులో పిచ్చేమీ కనబడదు. సినిమా చివర్లో తల్లి ఇచ్చిన పొట్లం ఇన్నేళ్లకు విప్పుతాడు. అందులో రెండో క్యాసెట్ ఉంటుంది. అంతరిక్ష నౌకలు పేలిపోయిన సీన్లు మర్చిపోయినవాళ్లకి కూడా ఆ పొట్లం గుర్తుంది.

దర్శకుడు జేమ్స్ గన్ ఆ పాటలను సినిమా తీసేటప్పుడే సెట్లో వేయించాడు. అన్నీ పాత పాటలే, ఎక్కువగా 1970లవి. ఆ ఆల్బం 2014 ఆగస్టులో అమెరికా బిల్‌బోర్డ్ 200 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఒక్క కొత్త పాట కూడా లేకుండా ఒక సినిమా ఆల్బం ఆ స్థానానికి చేరడం అదే మొదటిసారి. పాత సరుకుతో కొత్త దుకాణం నిండిపోయిందన్నమాట!

రియాద్ హాల్లో మోగిన ‘తామా’

2018 ఏప్రిల్ 18. సౌదీలో ఉన్నవాళ్లకు ఆ తేదీ గుర్తుండే ఉంటుంది. దాదాపు 35 ఏళ్ల నిషేధం తర్వాత రియాద్‌లోని కింగ్ అబ్దుల్లా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సినిమా హాలు తెరిచారు. మొదటి ఆట ఆహ్వానితులకు మాత్రమే. అంతకుముందు సినిమా చూడాలంటే బహ్రెయిన్ వంతెన దాటి పోవాల్సిందే. చిత్రమేమిటంటే ఆ హాలు అసలు సింఫనీ కచేరీల కోసం ఉద్దేశించిన భవనం. అందులో వేసిన తొలి సినిమా... ‘బ్లాక్ పాంథర్’. అలా సౌదీ తొలి సినిమా హాల్లో మొదట మోగిన వాద్యాల్లో ఆఫ్రికా డోళ్లు ఉన్నాయి.

ఆ డోళ్ల కథ వినదగ్గది. సినిమా కథ జరిగేది వకాండా అనే ఊహాదేశంలో. అది ఆఫ్రికాలో ఉన్నట్టు కల్పన. సంగీతం చేయాల్సింది లుడ్విగ్ గోరాన్సన్, స్వీడన్ దేశస్థుడు. దర్శకుడు రయన్ కూగ్లర్‌కి కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు. స్వీడన్‌వాడికి ఆఫ్రికా సంగీతం ఏం తెలుసు? తెలియదు కాబట్టే పెట్టె సర్దుకుని వెళ్లాడు. సెనెగల్‌లో బాబా మాల్ అనే గొప్ప గాయకుడి వెంట కచేరీలు తిరిగాడు. దక్షిణాఫ్రికాలో 1954 నుంచి ఉన్న ఇంటర్నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఆఫ్రికన్ మ్యూజిక్‌కి వెళ్లి పాత రికార్డింగులు విన్నాడు. స్టూడియోలో కూర్చుని కంప్యూటర్‌లోంచి ‘ఆఫ్రికా డ్రమ్ము’ అనే బటన్ నొక్కితే పనైపోయేది. అలా చేయలేదు.

సెనెగల్‌లో ఆయనకు ‘తామా’ దొరికింది. మాట్లాడే డోలు అంటారు దాన్ని. మన బుడబుక్కలవాళ్ల ఢమరుకంలా నడుము సన్నగా ఉంటుంది. రెండు చర్మాలనూ కలుపుతూ చుట్టూ తాళ్లుంటాయి. చంకలో ఇరికించుకుని నొక్కితే తాళ్లు బిగిసి శ్రుతి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మాటలోని ఎత్తుపల్లాలన్నీ అందులో పలికించొచ్చు. మీ రూంలో మలయాళీ ఉంటే అడగండి, మా ఇడక్క కూడా తాళ్లు నొక్కితే ఇలాగే పలుకుతుందంటాడు. మసాంబా జోప్ అనే తామా విద్వాంసుణ్ని గోరాన్సన్ ఒకటే అడిగాడు... హీరో పేరు ‘టి-చాలా’ని డోలు మీద పలికించమని. ఆయన పలికించాడు. సినిమాలో హీరో వచ్చినప్పుడల్లా వినిపించేది అదే. సూపర్‌మ్యాన్ పేరు బాకాలు పిలిస్తే, ఇతని పేరు డోలు పిలుస్తుంది!

విలన్ కిల్‌మాంగర్‌ది ఇంకో కథ. వాడి మూలం ఆఫ్రికాయే, పెరిగింది మాత్రం అమెరికాలో. సొంత నేలకు పరాయివాడై, పెరిగిన నేలలో ఇమడలేక, కోపంతో రగిలే మనిషి. వాడికి ఫులా వేణువు వాడారు. వేణువు అనగానే కృష్ణుడు గుర్తొస్తాడేమో, ఇది అలా ఉండదు. అమడూ బా అనే కళాకారుడికి పాత్ర స్వభావం చెబితే, ఆయన ఊదుతూ ఊదుతూ వేణువులోకే అరిచాడు, గొణిగాడు, పోట్లాడినట్టు ఊపిరి విసిరాడు. దాని కింద అమెరికా హిప్‌హాప్ బీటు. రెండు దేశాల మధ్య నలిగిపోయిన మనిషిని రెండు సంగీతాలు కలిపి చూపించారు. నా మటుకు నాకు హీరో బాణీ కన్నా ఇదే ఎక్కువసార్లు వినాలనిపిస్తుంది. ఇక్కడ పుట్టి ఇక్కడి బళ్లలో చదివి, సెలవులకు ఊరికి పోతే ‘దుబాయ్ పిల్లాడొచ్చాడు’ అనిపించుకునే మన పిల్లల ఇబ్బంది కూడా అందులో కొద్దిగా వినపడుతుంది. కోపం సంగతి పక్కన పెట్టండి!

సినిమా మొదట్లో వకాండా కనపడగానే ఒక గొంతు ఎలుగెత్తి పాడుతుంది. అదే బాబా మాల్ గొంతు. ఫులా భాషలో ఏనుగు చనిపోయిందని పాడతాడు. ఏనుగంటే రాజు. కథలో అప్పటికే రాజు మరణించి ఉంటాడు. థియేటర్లో ఎంతమందికి అర్థమైంది? అమెరికాలో ఇంగ్లిష్ వచ్చిన వాడికీ అర్థం కాలేదు, రియాద్‌లో అరబిక్ వచ్చిన వాడికీ అర్థం కాలేదు. ఆ ఒక్క చోట మాత్రం అందరూ మనతో సమానమే. భాష రాకుండా వింటున్న వాళ్లే!

2019లో ఈ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. ఆల్బంలో మొదటి ట్రాక్ మీదే బాబా మాల్ పేరుంటుంది. ఇది చిన్న విషయం అనిపించొచ్చు, కాదు. సినిమా సంగీతంలో చేతులు చాలా, పేర్లు తక్కువ. ‘ది డార్క్ నైట్’కి 2008లో ఏమైందో చూడండి. సంగీతం కాగితాల మీద అయిదుగురి పేర్లున్నాయని ఆస్కార్ వాళ్లు ముందు పోటీలోంచి తీసేశారు, తర్వాత మళ్లీ చేర్చుకున్నారు, నామినేషన్ మాత్రం రాలేదు. పనిచేసిన వాళ్లందరి పేర్లూ రాసినందుకు వచ్చిన తంటా అది! కట్టిన భవనం మీద తమ పేరు ఎక్కడా లేని మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

అలాగని బ్లాక్ పాంథర్ సంగీతంలో వంక పెట్టడానికి లేదని కాదు. ఆఫ్రికా ఒక దేశం కాదు, ఖండం. సెనెగల్ డోలు, ఫులా వేణువు పడమటివి. పాత్రలు మధ్యమధ్య మాట్లాడే ఖోసా భాష దక్షిణాఫ్రికాది. అంతా కలిపి ఒకే రాజ్యమన్నారు. ఎవరైనా ఇండియా అని చెప్పి భాంగ్రా డోలు, నాదస్వరం, భోజ్‌పురి పాట కలిపి వాయిస్తే మనం ఊరుకుంటామా? కల్పిత దేశం కాబట్టి చెల్లిందనుకోవాలి. అయినా వాయించిన వాళ్లు ఆ ఊళ్ల వాళ్లు, వాయించిన తీరు వాళ్లది. చాలా సినిమాల్లో అదీ ఉండదు.

మరి మన సంగతేంటి?

మనకూ సూపర్‌మ్యాన్ ఉన్నాడు. ఇంగ్లిష్ సినిమా వచ్చిన రెండేళ్లకే, 1980లో ఎన్టీ రామారావు ‘సూపర్‌మేన్’ వచ్చింది. అక్కడ శక్తులు వేరే గ్రహం నుంచి వస్తే ఇక్కడ ఆంజనేయస్వామి వరంగా వస్తాయి. ఆ మాటకొస్తే మన పెద్ద హీరోలందరూ పంచె కట్టుకున్న సూపర్‌హీరోలే కదా! ఒక్క గుద్దుకి పదిమంది గాల్లోకి లేస్తారు, జీపు బోల్తా పడుతుంది, వెనక ఆర్.ఆర్. దుమ్ములేపుతుంది. అందుకేనేమో ప్రత్యేకంగా సూపర్‌హీరో సినిమా అని తీయాల్సిన అవసరం మనవాళ్లకు చాలాకాలం రాలేదు.

2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ ఆ లోటు తీర్చింది. అంజనాద్రి అనే కల్పిత పల్లెలో తేజ సజ్జా చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు. అనుదీప్ దేవ్, గౌర హరి, కృష్ణ సౌరభ్ ముగ్గురు కలిసి సంగీతం చేశారు. అందులో ‘శ్రీరామదూత స్తోత్రం’ పెట్టారు. సంగతి అక్కడే ఉంది. విలియమ్స్ బాణీ జనానికి ఎక్కడానికి సినిమా చూడాల్సి వచ్చింది. ఇక్కడ జనం హాల్లోకి వచ్చేసరికే హనుమంతుడి స్తోత్రాలు వాళ్ల చెవుల్లో ఉన్నాయి. మంగళవారం గుడి మైకులో విన్నవే. డాలస్‌లో చూసినవాడికైనా దోహాలో చూసినవాడికైనా ఊరి గుడి ఒక్కసారి కళ్లముందు కదిలింది. చివర్లో హాళ్లలో జనం దండాలు పెట్టారంటే గ్రాఫిక్స్ ఒక్కటే కారణం కాదు.

కాకపోతే ఒక కొరత. మన దగ్గర మాట్లాడే వాద్యాలు ఎన్ని లేవు! డప్పు మోత విని పెళ్లో, చావో, చాటింపో పొలంలో ఉన్నవాడు చెప్పేసేవాడు. వాయించే ముందు దాన్ని మంట దగ్గర కాచి శ్రుతి చేస్తారు. ఒగ్గుకథ వాళ్ల డోలు ఉంది. బుర్రకథ గుమ్మెట ఉంది. మాస్ పాటల్లో, జాతర సీన్లలో వీటిని వాడుతూనే ఉన్నారు. కానీ హీరో పేరు డప్పు మీద పలికించమని ఏ కళాకారుణ్నైనా కూర్చోబెట్టి అడిగారా, అతని పేరు ట్రాక్ మీద వేశారా అన్నది ప్రశ్న. గోరాన్సన్ స్వీడన్ నుంచి సెనెగల్ పోయాడు. హైదరాబాద్ స్టూడియో నుంచి సిద్దిపేటకు ఆర్టీసీ బస్సుంది.

ఇక వినాలనుకునే వాళ్లకు రెండు ముక్కలు. డ్యూటీ అయ్యాక ఫోన్లోనే వినొచ్చు, సినిమా చూసి ఉండాల్సిన పనిలేదు. ముందు ‘సూపర్‌మ్యాన్’ టైటిల్ సంగీతం వినండి, ఆ మూడు స్వరాలు పట్టుకోండి. తర్వాత ‘బ్లాక్ పాంథర్’ ఆల్బంలో మొదటిదైన ‘వకాండా’. ఆపైన ‘కిల్‌మాంగర్’ పేరుతో ఉన్న ట్రాక్, వేణువు దగ్గర సౌండు కాస్త తగ్గించుకోండి, రూంలో పడుకున్నవాళ్లు ఉలిక్కిపడతారు. పొద్దున పనికి పోయేటప్పుడు వినేవాళ్లు మాత్రం ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకోండి. రెండో చెవికి కంపెనీ బస్సు హారన్ వినపడాలి కదా!